వెనక తలుపు లేని బస్సు

నేను ఒక బస్సు దొంగతనం చేసిన అని సౌదీల మా కంపెనీవాళ్ళు అరబ్బీల కాగితం రాసిన్రు. నలభై మంది కూసునే బస్సు. ఊర్ల చిన్న పోరగాన్ని అడిగినా గుర్తుపట్టే బండి. అసొంటి దాన్ని దొంగిలించి యాడ దాచిపెడ్తరో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. పదకొండు రోజులు, పోలీసోళ్ళ ముంగటనే నడిపిన. మళ్ళ అసొంటి రోజే వస్తే మళ్ళ నడుపుత.

డ్రైవర్ వీసా మీద గల్ఫుకు పోదామని తిరుగుతున్న పిల్లలు ఇది చదువుండ్రి. నేను మొనగాన్ని అని చెప్పుకునేటందుకు రాస్తలేను. ఇందుల నేను తల దించుకునే ముచ్చట కూడా ఉన్నది. దాన్ని కూడా ఇడిసిపెట్టకుండ రాస్తున్న.

మాది జగిత్యాల దిక్కు. ఊర్ల ఉన్నప్పుడు బియ్యం మిల్లు లారీ నడిపేటోన్ని. సౌదీకి పోయినంక తూర్పు సముద్రం ఒడ్డున, ఖతీఫ్‌కు దగ్గర్ల ఒక చిన్న పట్నంల సిటీ బస్సు ఇచ్చిన్రు. పెద్ద సర్వీసేం కాదు, నాలుగు లైన్లు. ఆ ఊర్ల కారు లేనోడంటే బయటి దేశంనుంచి వచ్చినోడే. అందుకే మా బండ్లు ఎక్కేది కూడా వాళ్ళే. బిల్డింగు పనోళ్ళు, తోట పనోళ్ళు, చేపల మార్కెట్ల బరువులు మోసేటోళ్ళు, దవాఖాన సిస్టర్లు. నాది దవాఖాన లైను. క్యాంపుల కాడ మొదలై, చేపల మార్కెట్ దాటి, ఖర్జూర తోటల పక్కపొంటి పోయి దవాఖాన గేటు కాడ ఆగుతది.

ఆ బస్సు ఎట్లుంటదో ఇక్కడ చెప్పాలె. ఆడోళ్ళకు వెనక వేరే అర ఉండేది. నడుమ నిండుగ అడ్డగోడ, అటునుంచి ఇటు దారి లేదు. మగోళ్ళకు ముందు తలుపు, ఆడోళ్ళకు వెనక తలుపు. రెండూ గాలితోని తెరుచుకునే తలుపులే. వాటి స్విచ్చులు రెండూ డ్రైవర్ చేతికాడ ఉంటయి. వెనక కూసున్నోళ్ళ ముఖాలు మాకు కనపడవు. అడ్డగోడ పైన చెయ్యి పట్టేంత సందు. ఏమన్న చెప్పాలంటే అండ్లకెల్లి అరుస్తరు.

ఆ సందులకెల్లి ఒకనాడు "అన్నయ్యా, గేటు దాటాక కాస్త ఆపండి, మోకాలు నొప్పి" అని తెలుగు వినవడ్డది. నేను బ్రేకు తొక్కుడే మర్చిపోయిన. ఆమెది గోదావరి దిక్కు, దవాఖానల ఊడ్చి తుడిచే పని. నేను తెలుగోన్నని ఎట్ల తెలిసింది అని అడిగితే, "ఇందాక బండికి అడ్డొచ్చినోణ్ణి తిట్టారుగా, అప్పుడు తెలిసింది" అన్నది. ఆ దినం నుంచి ఆమె నన్ను అన్నయ్య అనేది, నేను ఆమెను అక్క అనేటోన్ని. ఇద్దర్ల ఎవరు పెద్దో మేం లెక్క తేల్చుకోలే.

నా రూముల ఉండేది ఒక పెషావర్ పఠాన్. మా అందరికన్న పెద్ద. బండి నడుపుతడు, ఇంజన్ కూడా ఇప్పుతడు. అందరం ఉస్తాద్ అనేటోళ్ళం. మాట తక్కువ. నేను ఏమన్న పది మాటలల్ల అడిగితే, ఆయన తలకాయ ఊపి జవాబిచ్చేటోడు.

కువైట్ల ఇరాక్ సైన్యం దిగినంక మా ఊరి రంగు మారింది. రోడ్ల మీద అమెరికా మిలిటరీ లారీలు. ఎండకాలం పోయేటాలకు మా యార్డుల యెమన్ డ్రైవర్లు ఒక్కొక్కరే సామాన్ కట్టుకొని పోయిన్రు. వాళ్ళ దేశం ఇరాక్ దిక్కు మాట్లాడిందని ఇక్కడోళ్ళకు కోపమొచ్చింది, ఉండనీకి కొత్త కాగితాలు అడిగిన్రు. ఇరవై ఏండ్లనుంచి ఉన్నోళ్ళు వాళ్ళు. నాకు ఆ ఊరి మలుపులు నేర్పిందే వాళ్ళు. వాళ్ళు పోయినంక డ్రైవర్లు సగమైన్రు, డ్యూటీలు రెండింతలైనయి.

జనవరిల యుద్ధం మొదలైన రెండో రోజు మా ముదీర్ కుటుంబాన్ని కార్ల ఎక్కించిండు. ముదీర్ అంటే మేనేజరు, అందరం అట్లనే పిలిచేది. జిద్దా పోతున్నడట. అక్కడికి ఇరాక్ మిసైళ్ళు రావట. పోయేముందు మమ్ముల యార్డుల నిలవెట్టి, "నేను వచ్చేదాక ఒక్క బండి గేటు దాటొద్దు" అన్నడు.

"మా పాస్‌పోర్టులు?" అని ఎవరో అడిగిన్రు.

"ఆఫీసు బీరువల భద్రంగ ఉన్నయి" అన్నడు. బీరువ తాళంచెవి ఆయన జేబులనే జిద్దా పోయింది.

తెల్లారి నేను రొట్టెలు తెద్దామని బయటికొస్తే, మా స్టాపు కాడ ఆడోళ్ళు నిలబడి ఉన్నరు. మలయాళీ సిస్టర్లు, ఫిలిప్పీన్ సిస్టర్లు, నల్లటి బట్టలల్ల ఓ ముప్పై మంది. సముద్రం గాలికి వణుకుతున్నరు. అండ్ల ఒకామె ముంగటికి వచ్చి, "బస్సు రాదా అన్నయ్యా?" అన్నది. గొంతు పట్టి గుర్తుపట్టిన. ముఖం చూసుడు అదే మొదలు.

"రాదు అక్కా. బంద్ వెట్టిన్రు."

"ఎన్నాళ్ళు?"

"తెల్వది. మీ దవాఖాన బండి లేదా?"

"ఆ డ్రైవరు ఊరొదిలి వెళ్ళిపోయాడు. నిన్న డ్యూటీకి వెళ్ళినవాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు అన్నయ్యా. మేం వెళ్తేగానీ వాళ్ళు కదల్లేరు. పేషెంట్లని వదిలేసి రాలేరుగా."

రొట్టెలు చేతుల పట్టుకొని నిలబడ్డ. ఆమె మోకాలు ఒకసారి రుద్దుకొని, "సరే, కాళ్ళున్నాయిగా" అని నడిచింది. ఆమె ఎనకనే ముప్పై మంది. ఖర్జూర తోటల రోడ్డు మీద గంటన్నర నడక అది.

రూముకు వచ్చి ఉస్తాద్‌కు చెప్పిన. ఆయన రొట్టె తుంచి చాయ్‌ల ముంచుకుంట మొత్తం విన్నడు. తిన్నంక చేతులు కడుక్కొని అడిగిండు.

"నీకు భయమైతున్నదా?"

"అయితున్నది."

"నాకూ అయితున్నది. రూముల కూసుంటే ఏమన్న తగ్గిందా?"

"తగ్గలే."

"మరి లే."

అంతే, మా మీటింగ్ అయిపోయింది. యార్డు గేటు కాడ ముసలి బెంగాలీ వాచ్‌మన్ ఉన్నడు. మా ఇద్దర్నీ చూసి, అడగకముందే, "నేను చాయ్ తాగనీకి పోతున్న, గేటు గొళ్ళెం సరిగ పడుతలేదు" అని పక్కకు తిరిగిండు. ఆ పాత బండ్లకు తాళంచెవి ఉండదు. బ్యాటరీ స్విచ్ వేసి బటన్ ఒత్తితే స్టార్టయితయి. టికెట్ పైసలు వేసే పెట్టెకు ఉస్తాద్ గుడ్డ కట్టి ముడి వేసిండు. "ఒక్క రియాల్ తీసుకున్నా మనం దొంగలమైతం" అన్నడు.

దారిల పోతుంటే నడిచేటోళ్ళను అందుకున్నం. వెనక తలుపు తెరిచిన. ఎక్కి కూసున్నంక సందులకెల్లి అక్క గొంతు వచ్చింది: "మీ మేనేజరు ఏమీ అనడా అన్నయ్యా?"

"అంటడు. జిద్దానుంచి ఇక్కడికి వినవడాలె కద."

వెనక నవ్విన్రు. మలయాళం నవ్వు, ఫిలిప్పీన్ నవ్వు, అన్నీ ఒక్కలెక్కనే ఉన్నయి. తోటల కాడ చెక్‌పోస్టుల పోలీసాయన ఆపిండు. యాడికి అన్నడు. "ముస్తష్ఫా" అన్న, అంటే దవాఖాన. ఆయన వెనక అద్దంలకెల్లి నల్లటి బట్టల కింద తెల్ల కోట్లు చూసి, చెయ్యెత్తి సలాం కొట్టి పంపిచ్చిండు. ఆ రోజు నుంచి పొద్దున ఒక ట్రిప్పు, మధ్యాహ్నం ఒకటి, పొద్దుగూకక ముందు ఒకటి. ఒకరు నడిపితే ఒకరు పక్కన నిలబడి ఆకాశం దిక్కు చూసేది. చూసి చేసేదేం లేదు, అయినా చూసేది.

ఇగ నేను తల దించుకునే ముచ్చట.

ఐదో రోజు. పొద్దటి ట్రిప్పు. తోటల రోడ్డు సగం దాటినం. ఆ దినం ఉస్తాద్ యార్డుల ఇంకో బండి ట్యాంకులకెల్లి డీజిల్ గుంజుతున్నడు, నేను ఒక్కన్నే ఉన్న. సైరన్ మొదలైంది. అంతకుముందు సైరన్ మోగినప్పుడు రూములనే ఉన్నం, మంచాల కిందికి దూరినం. రోడ్డు మీద మోగుడు అదే మొదటిసారి. నా చెవులల్ల ఇంకేం లేదు, అదొక్కటే. బండి పక్కకు ఆపిన. ముందు తలుపు స్విచ్ ఒత్తిన. దారిల ఎక్కిన మగోళ్ళు దుంకిన్రు. నేనూ దుంకిన. రోడ్డు పక్క నీళ్ళ కాలువల పడి తలకాయ మీద చేతులు పెట్టుకున్న.

ఎంతసేపో తెల్వది. దబదబ చప్పుడు వినవడ్డది. బాంబు అనుకున్న. తల ఎత్తి చూస్తే, బస్సు వెనక అద్దాల మీద చేతులు. లోపల్నుంచి కొడుతున్నరు. వెనక తలుపు మూసే ఉన్నది. నేను రెండో స్విచ్ ఒత్తలే.

కాలువల్నుంచి బస్సు కాడికి ఇరవై అడుగులు. నా కాళ్ళు లేవలే. ఇది రాయాలె కాబట్టి రాస్తున్న. కాళ్ళు లేవలే. లేచి, పోయి, స్విచ్ ఒత్తేటాలకు సైరన్ ఆగిపోయింది. యాడనో దూరంగ ధన్ అని ఒక్క చప్పుడు. మా మీద ఏం పడలే.

వాళ్ళు దిగలే. దిగి ఏం లాభం? ఒక చిన్న సిస్టర్ ఊపిరాడక ఏడుస్తున్నది. అక్క మెట్టు మీద నిలబడి నా దిక్కు చూసింది. నా బట్టలకు బురద, నా గడ్డానికి బురద.

"మమ్మల్ని లోపల పెట్టి వెళ్ళిపోయావా అన్నయ్యా?"

మీరు అనేది పోయి నువ్వు అయింది. బండి ఎక్కి దవాఖాన దాక నడిపిన. ఒక్కొక్కరే దిగి గేటు లోపలికి పోయిన్రు. ఎవరన్న తిడితే బాగుండు అనిపించింది.

ఉస్తాద్‌కు చెప్పి, రేపటి నుంచి నేను నడపను, నువ్వే నడుపు అన్న. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగిండు. వెనక తలుపు కాడ ఆగిండు.

"రేపు నేను నడిపితే నేను మర్చిపోనా?" అన్నడు. "భయమైనప్పుడు చెయ్యి ఎవరి మాటా వినదు. నీదైనా అంతే, నాదైనా అంతే. చెయ్యితోని పని లేకుండ చేద్దాం."

పానాలు తెచ్చి వెనక తలుపు రెక్కలు రెండూ ఊడదీసి యార్డు గోడకు ఆనించిండు. బోల్టులు డబ్బల వేసి మూత పెట్టిండు, ఒక్కటి కూడా పోవద్దని. తలుపుకు అడ్డంగ నడుం ఎత్తుల ఒక గొలుసు కట్టిండు. కొక్కెం తీస్తే ఊడుతది, ఎవరైనా తీయొచ్చు.

తెల్లారి స్టాపు కాడ బండి ఆపిన. అక్క ఆ ఖాళీ జాగ చూసింది, గొలుసు చూసింది. "చలేస్తది అక్కా, మాఫ్ చెయ్యి" అన్న. ఆమె గొలుసు తీసి ఎక్కింది. అందరూ ఎక్కినంక మళ్ళ తగిలించింది. కొంచెం దూరం పోయినంక సందులకెల్లి, "రేపు దుప్పట్లు తెచ్చుకుంటాంలే, మీరు నడపండి" అన్నది. మళ్ళ మీరు అన్నది. రోడ్డు కనవడక అద్దం తుడిచిన. తీరా చూస్తే అద్దం సాఫ్‌గనే ఉన్నది.

అట్ల ఇంకో ఆరు రోజులు. రెండుసార్లు సైరన్ మోగింది. రెండుసార్లూ నేను బండి ఆపేలోపలనే వెనక గొలుసు జారిన చప్పుడు వినవడ్డది. వాళ్ళే ముందు దిగిన్రు. నేను ఆఖరున దిగిన.

పన్నెండో రోజు పైనుంచి ఆర్డర్ వచ్చిందట, ఊరి బస్సులు నడపాల్నని. ముదీర్ జిద్దానుంచి దిగిండు. దిగంగనే గోడకు ఆనిచ్చిన తలుపు రెక్కలు చూసిండు.

మూడు రోజులకు మా ఇద్దర్నీ ఆఫీసుకు పిలిచిండు. ముదీర్ కుర్చీల ఉన్నడు, పక్కన సుడాన్ క్లర్కు నిలబడి ఉన్నడు. క్లర్కుకు హిందీ కొంచెం వస్తది. టేబుల్ మీద అరబ్బీ కాగితాలు రెండు. సంతకం పెట్టుండ్రి అన్నడు ముదీర్.

పిల్లలూ, నేను సౌదీల దిగిన మొదటి వారం అరబ్బీ కాగితం మీద చదవకుండ సంతకం పెట్టిన. రెండేండ్లకు ఇంటికి పోవచ్చు అని ఊర్ల ఏజెంట్ చెప్పిండు. కాగితంల మూడేండ్లని ఉన్నదట. అందుకే ఈసారి చేతులు వెనక పెట్టుకొని, "చదివి చెప్పు" అన్న క్లర్కుతోని.

ఆయన చదివిండు. మేమిద్దరం కంపెనీ బస్సును దొంగతనం చేసినం, మా స్వంతానికి నడుపుకున్నం, బండిని పాడుచేసినం అని ఉన్నది. చదువుతుంటే ఆయన గొంతు చిన్నగైంది.

నేను అన్న, "ఆర్డర్ లేకుండ తీసినం, అది నిజం, రాయుండ్రి. తలుపు ఊడదీసినం, అదీ నిజం, రాయుండ్రి. దొంగతనం అన్న మాట కొట్టేయ్యుండ్రి. స్వంతానికి అన్న మాట కొట్టేయ్యుండ్రి."

ముదీర్ నవ్విండు. "ఒక్క మాటకు ఇంత లొల్లి ఎందుకు?"

"ఒక్క మాటనే కద సార్. కొట్టేయ్యుండ్రి మరి."

నవ్వు పోయింది. దేశం పొమ్మని ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపిస్త అన్నడు. నీ ఇకామా, ఇక్కడ ఉండే పర్మిట్, నా చేతుల ఉన్నది అన్నడు. నేను పోత గాని దొంగ అని పేరు పెట్టుకొని పోను, ఆ పేరు మీద ఇక్కడ ఉండను కూడా అన్న.

ఉస్తాద్ కూడా ఆ దినం సంతకం పెట్టలే.

వారం గడిచింది. పెషావర్ నుంచి కబురొచ్చింది, వాళ్ళ అమ్మకు పక్షవాతం. ఇంటికి పోవాల్నంటే పోయి వచ్చే ముద్ర కావాలె, ముద్ర కావాల్నంటే ముదీర్ ఒప్పుకోవాలె. సంతకం పెడితే రెండు నెలల చుట్టీ ఇస్త అన్నడట. ఉస్తాద్ మంచం మీద కూసొని నన్ను అడిగిండు. మా ఇద్దర్ల ఆయన నన్ను సలహా అడుగుడు అదొక్కసారే.

"ఏం చెయ్యమంటవు భాయ్?"

"పెట్టు ఉస్తాద్. అమ్మకన్న ఆ కాగితం ఎక్కువనా?" అన్న.

ఆయన పెట్టిండు. నన్ను గట్టిగ పట్టుకొని, "రెండు నెలలల్ల వస్త" అని పోయిండు. ఆయన విమానం దిగినంక ముదీర్ ఆ కాగితమే పై ఆఫీసులల్ల చూపెట్టి వీసా రద్దు చేయించిండు. ఈ ముచ్చట క్లర్కు నాకు చెవుల చెప్పిండు. ఉస్తాద్ సామాన్ల పెట్టె పెషావర్ పోయే ఒకాయనకు ఇచ్చి పంపిన. మళ్ళ మేం కలువలే. ఉస్తాద్ భయపడి సంతకం పెట్టిండు అని యార్డుల కొందరు అన్నరు. నా ముంగట అనకుండ్రి అని చెప్పిన. ఒకడు రెండోసారి అంటే కాలర్ పట్టుకున్న. పెట్టు అన్నది నేను.

నాకు ఎగ్జిట్ కొట్టలే. కొడితే బండ్లు కడిగేటోడు లేడు. స్టీరింగ్ తీసుకొని పైపు చేతికిచ్చిన్రు. అప్పటికి యుద్ధం అయిపోయింది, గాని కువైట్ల నూనె బావులు మండుతనే ఉన్నయి. గాలి ఇటు తిరిగిన దినం పట్టపగలు సంధ్యలెక్క అయ్యేది. బండ్ల మీద నల్లటి మసి, జిడ్డు. నీళ్ళు కొడితే పోదు. సబ్బు రుద్ది, కిరోసిన్ రుద్ది, మళ్ళ సబ్బు. సాయంత్రం కడిగిన బండి పొద్దున మళ్ళ నల్లగ. ముదీర్ వారానికి ఒకసారి క్లర్కును పంపేటోడు: సంతకం పెడతవా అని అడగమని. "మసి చేతులతోని కాగితం కరాబైతది" అని చెప్పి పంపేటోన్ని.

నడిమధ్యల ఒకనాడు దవాఖాన లైను డ్రైవరు నాకు ఒక కవరు తెచ్చి ఇచ్చిండు. వెనకనుంచి ఎవరో ఆడామె ఇచ్చింది అన్నడు. అండ్ల ఇంగ్లీషు ఉత్తరం. ఆ పదకొండు రోజులు ఈ ఇద్దరు డ్రైవర్ల వల్లనే వార్డులు నడిచినయి అని పెద్ద సిస్టర్ రాసింది, ఒక డాక్టర్ ముద్ర వేసిండు. కింద అందరి సంతకాలు. మలయాళం, ఇంగ్లీషు, ఇంకేవో. ఒక్కటి తెలుగుల, గుండ్రటి అక్షరాలతోని. ఆ ఉత్తరం ముదీర్‌కు ఇచ్చిన. చదవకుండనే సొరుగుల వేసిండు. దాంతోని ఏం ఒరగలే. అయినా నాకు అది చాలు. అక్క కాంట్రాక్టు అయిపోయి ఎండకాలంలనే దేశం పోయిందని తర్వాత తెలిసింది.

ఎనిమిది నెలలు కడిగిన. డ్రైవర్ల కరువు మాత్రం తీరలే. కొత్తోళ్ళు వచ్చినా తోటల రోడ్డు మలుపులల్ల బండ్లు గోడలకు రాసిన్రు, డ్యూటీ టైములు తప్పిన్రు. దవాఖానవాళ్ళు పై ఆఫీసుకు ఫిర్యాదు మీద ఫిర్యాదు. ఒక పొద్దున నేను పైపు పట్టుకొని ఉంటే సుడాన్ క్లర్కు ఉరుక్కుంట వచ్చిండు.

"ఇయ్యాల్టి నుంచి దవాఖాన లైను నీదే. పోయి బండి తియ్యి. ముదీర్ చెప్పిండు."

పైపు కింద పెట్టిన. "రాసియ్యమను" అన్న.

"ఏంది?"

"ఆర్డర్ లేకుండ తీస్తే దొంగతనం అన్నడు కద. ఈసారి రాసిస్తేనే తీస్త."

క్లర్కు నన్ను పైనుంచి కిందిదాక చూసిండు. పండ్లు కనవడకుండ నవ్వి ఆఫీసుల పోయిండు. అయిదు నిమిషాలకు వచ్చి, "అవసరం లేదంటున్నడు" అన్నడు. "అట్లయితే నాకు కూడా అవసరం లేదు" అని సబ్బు తీసుకున్న. అటు దవాఖాన స్టాపు కాడ జనం ఎదురుచూస్తుండొచ్చు. అది యాదికొచ్చి చెయ్యి ఆగింది. గాని యుద్ధం నడుస్తలేదు, ముదీర్ జిద్దాల లేడు, పది అడుగుల దూరంల ఉన్నడు. రాయనీకి నిమిషం పట్టదు. నేను రుద్దుడు మొదలువెట్టిన.

లోపలికి రమ్మని పిలుపొచ్చింది. పోయిన. టేబుల్ మీద కాగితం ఉన్నది. "చదివి చెప్పు" అన్న క్లర్కుతోని. ఆయన చదివిండు: ఫలానా డ్రైవర్ ఈ దినం నుంచి దవాఖాన లైను మీద కంపెనీ బస్సు నడపాలె. ఒక్కొక్క మాటకు హిందీల అర్థం చెప్పిచ్చుకున్న. ఇంకోసారి చదివిచ్చిన. అంత మంచిగనే ఉన్నది.

"కింద సంతకం లేదు" అన్న.

ముదీర్ నా దిక్కు చూసిండు. నేను ఆయన దిక్కే చూసిన. నా మోచేతుల దాక మసి. తుడుచుకోలే. ఆయన పెన్ను తీసి, మూత ఇప్పి, వంగి సంతకం పెట్టిండు.